జంగుబాయి కడిగిన గుజ్జు

సుధాకర్ అందరి ముందూ జంగుబాయి సద్ది సంచిని బండల మీద బోర్లించాడు. గిన్నె దొర్లుకుంటూ వెళ్లి గుజ్జు కడిగే తొట్టికి తగిలి ఆగింది. మూత ఊడి జొన్న గటుక తడి నేల మీద పడింది. దాని వెంట ఒక ఉల్లిగడ్డ, ఉప్పు పొట్లం, చెమట తుడుచుకునే గుడ్డ. ఆయన వెతుకుతున్న సీసా మాత్రం లేదు.

ప్రశాంతి అప్పుడే సిరొంచ బస్సు దిగి, భుజాన బ్యాగుతో గేటు లోపలికి వచ్చింది. చిన్నాయన బిడ్డ పెండ్లికని వారం రోజులు ఊరికి పోయి వస్తోంది. చేతుల గోరింట ఇంకా ఎర్రగానే ఉంది. ప్లాంటులో పనిచేసే వాళ్లంతా ఒక్కచోట గుంపుగా నిలబడి ఉండటం చూసి నడక వేగం పెంచింది.

"ఏమైంది కిష్టన్నా?"

కిష్టన్న కుక్కరు ఆపరేటరు. వెదురు ముక్కలను ఉడికించే ఆ పెద్ద స్టీలు పాత్రను నాగేపల్లి కాగితం ప్లాంటులో అందరూ కుక్కరనే అంటారు. అతను తల తిప్పకుండానే గొంతు తగ్గించి చెప్పాడు.

"స్పిరిట్ తక్కువ వడుతున్నదట మేడం. జంగుబాయి ఎత్కపోతున్నదని సారు అంటున్నడు."

సుధాకర్ ప్లాంటు ఇన్‌చార్జి. పక్కనే ఉన్న అహేరిలో పుట్టి పెరిగినవాడు. కోపం వస్తే తెలుగులోకి మరాఠీ దొర్లుతుంది. "పది మందిని అడిగిన. స్పిరిట్ షెడ్డు పక్కన పొద్దంత ఉండేది నువ్వొక్కదానివే. కడుగుడు చేతగాదు, గుజ్జు చూస్తే పెండ లెక్క ఉన్నది. స్పిరిట్ మాత్రం రోజు బెత్తెడు దిగుతున్నది. ఇది దారుబందీ జిల్లా, మందు బంద్ ఉన్న జాగ. ఎక్సైజోళ్లు వచ్చి అడిగితే ఏం జెప్పాలె నేను? మీ గూడెంల సారా దొరుకుత లేదని ఈడికెళ్లి మోస్తున్నవా?"

అప్పటిదాకా నేలను చూస్తున్న జంగుబాయి సారా అన్న మాటకు తల ఎత్తింది. నలభై దాటిన మనిషి. నుదుటి మీద పచ్చబొట్టు చుక్కలు, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు.

"వెతికినవు గద సారు. దొరికిందా?"

"ఇయ్యాల దొరకకుంటే నిన్న పోయి ఉంటది. ఇగ పనికి రాకు."

ప్రశాంతి ముందుకు వచ్చింది. "సార్, అది తాగే సరుకు కాదు. దాంట్ల విషం కలిపి పంపుతరు. తాగితే కండ్లు పోతయి. ఆ సంగతి ఆమెకు మొదటి రోజే నేను జెప్పిన."

"నువ్వు వారం నుంచి లేవు ప్రశాంతీ. నీకేం తెలువదు. ల్యాబుల పని జూస్కో."

జంగుబాయి గొంతుక్కూర్చుంది. ఎవరి కాళ్ల కిందా పడకుండా గటుకనంతా రెండు చేతులతో ఎత్తి గోడవారకు వేసింది. ఉల్లిగడ్డను కొంగుకు తుడిచి సంచిలో పెట్టుకుంది. తొడుగులు తీసి, నీళ్లు పోయేలా విదిలించి, తొట్టి అంచు మీద పక్కపక్కన ఆరేసింది. ఆ తర్వాతే లేచి గేటు వైపు నడిచింది. ఆమె నడకలో ఎక్కడా తొందర లేదు.

ప్రశాంతి ల్యాబు తలుపు తీసి బ్యాగును బల్ల మీద పడేసింది. తొట్టిలోంచి తెచ్చిన గుజ్జు ముద్ద చేతిలో ఉంది. సుధాకర్ చెప్పింది అబద్ధం కాదు. వారం కింద ఆమె వెళ్లేటప్పుడు గడ్డి రంగులో మెరిసిన గుజ్జు ఇప్పుడు ముదురు మట్టిరంగులో, వేళ్లకు బంకగా అంటుకుంటోంది.

స్పిరిట్‌తో ఉడికించాలన్నది ఆమె ఎంపిక. అంతకుముందు ప్లాంటులో కాస్టిక్ సోడాతో ఉడికించేవాళ్లు, నల్లనీళ్లు వాగులో కలిసేవి, ఊరు ఊరంతా వచ్చి గేటు ముందు కూర్చుంది. వేరే దారి వెతకమని నాగపూర్ నుంచి యజమాని చెప్పినప్పుడు ప్రశాంతి చిన్న పాత్రలో ఒక్కో ద్రావకంతో వెదురును ఉడికించి చూసింది. వెనిగర్‌లో ఉండే ఆమ్లంతో గుజ్జు త్వరగా, తెల్లగా వచ్చింది. కానీ ఆ ఆమ్లం కర్రలోని జిగురుతోపాటు పోగులనూ కొరికేసింది. ఆరిన కాగితం మడత పెడితే పుటుక్కున విరిగింది. సగం స్పిరిట్, సగం నీళ్లు కలిపినప్పుడు మాత్రం జిగురు కరిగి బయటికి వచ్చింది, పోగు పొడుగ్గా, బిగువు చెడకుండా మిగిలింది. పైగా స్పిరిట్‌ను మళ్లీ మళ్లీ పట్టుకుని వాడుకోవచ్చు, వాగులోకి ఒక్క చుక్క పోదు. ఆ కాగితాన్ని మొదటిసారి వెలుతురుకు ఎత్తి పట్టుకున్న రోజు ఆమెకు అన్నం సహించలేదు, అంత సంతోషం.

ఇప్పుడు ఆ ముద్దలోంచి చిటికెడు తీసి గాజు గ్లాసులో వేసింది. కాస్త స్పిరిట్, కాస్త నీళ్లు కలిపి, వేడినీళ్ల గిన్నెలో గ్లాసును వెచ్చబెట్టి గాజు కడ్డీతో తిప్పింది. చూస్తుండగానే గ్లాసులో నీళ్లు డికాషన్ రంగుకు మారాయి. అడుగున పోగులు తేటపడ్డాయి. వడగట్టి చూస్తే గడ్డి రంగు. తను వదిలి వెళ్లిన గుజ్జే అది.

అంటే ఉడకడంలో లోపం లేదు. జిగురు కర్ర నుంచి విడిపోయింది, కానీ తిరిగి వచ్చి పోగుల మీదే కూర్చుంది. అలా ఎప్పుడు జరుగుతుందో ఆమెకు తెలుసు. ఆ డికాషన్‌ను మంచినీళ్ల గ్లాసులోకి ఒంపింది. తేటగా ఉన్న నీళ్లలో మబ్బు విచ్చుకున్నట్టు మట్టిరంగు తెరలు తెరలుగా లేచి, మెల్లగా అడుగుకు దిగింది. స్పిరిట్‌లో కరిగిన జిగురు నీళ్లలో కరగదు.

చాయ్ గ్లాసుతో లోపలికి వచ్చిన కిష్టన్నను అడిగింది. "కుక్కరుల గుజ్జు దించినంక మొదలు గోరువెచ్చని స్పిరిట్ తోని కడిగి, తర్వాత నీళ్లు పోయమని గద నేను జెప్పి పోయింది?"

కిష్టన్న ఇబ్బందిగా చూశాడు. "సారు వద్దన్నడు మేడం. స్పిరిట్ ఖర్చయితున్నదని, సీదా నీళ్లే వొయ్యమన్నడు. జంగుబాయి మీరొచ్చేదాక ఆగుదమన్నది గూడ. ఆయన ఇనలే."

ప్రశాంతి రెండు గ్లాసులూ పట్టుకుని సుధాకర్ గదికి వెళ్లింది. ఆయన ఓపికగానే విన్నాడు. గ్లాసు వైపు రెండుసార్లు చూశాడు.

"సరే, రంగు సంగతి నువ్వన్నట్టే అనుకుందాం. మరి స్పిరిట్? కడుగుడు బంద్ వెట్టినా గూడ డ్రమ్ము దిగుతనే ఉన్నది. ఇంతకుముందుకన్న ఎక్కువ దిగుతున్నది. ఎటు పోతున్నట్టు?"

ప్రశాంతి గ్లాసులు బల్ల మీద పెట్టింది. కడగడానికి వాడనిది, తాగడానికి పనికిరానిది, డ్రమ్ములోంచి ఎక్కడికి పోతోంది?

"శుక్రవారం నాగపూర్ నుంచి పెద్దసారు వస్తుండు," అన్నాడు సుధాకర్. "స్పిరిట్ ఈ జిల్లల నడువది, మళ్ల సోడాకే వోదామని చెప్తున్న. నీ మీద కోపం లేదు ప్రశాంతీ. నువ్వు మంచిగనే జేసినవ్. జాగనే అట్లాంటిది."

ఆ సాయంత్రం ఆమె గూడేనికి నడిచి వెళ్లింది. బీడీలకు తునికాకు కోసే కాలం. ఇండ్ల ముందర ఆడవాళ్లు ఆకులు లెక్కబెట్టి, అంచులు కలిపి కట్టలు కడుతున్నారు. ప్రశాంతిని చూసి మాటలు ఆపేశారు. జంగుబాయి వాకిట్లో పెద్దామె లింగక్క, ఇంకో ఐదారుగురు ఉన్నారు. కమలాపూర్ దిక్కు నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చిన జంగుబాయి, ఈ ఆడవాళ్లను వెంటబెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లలో సారా కుండలు పగలగొట్టించిన మనిషి. దారుబందీ మండలి అంటే ఇక్కడ ఆమె పేరే. ఆ మనిషి మీద పడింది ఆ మాట.

"ఏం మేడం, పాపమనిపించి వచ్చినవా?" అంది జంగుబాయి, చేతిలో కట్ట వదలకుండా.

"లేదక్కా. గుజ్జు నల్లగయ్యింది నీ చేతుల తప్పు కాదు. అది దొరికింది. అది జెప్పుదామని వచ్చిన."

"నా చేతుల తప్పు కాదని నాకు ఎరికే గద."

లింగక్క గోండీలో ఏదో అడిగింది. జంగుబాయి ముక్తసరిగా బదులిచ్చి ప్రశాంతి వైపు తిరిగింది. "పని ఇప్పిస్తనని మాత్రం జెప్పకు బిడ్డా. పని ఏడనన్న దొరుకుతది. ఆకు లేదా, పొలం లేదా? ఈ ఊర్ల మొగోళ్లు ఇయ్యాల పొద్దున్నుంచి నన్ను జూసి నవ్వుతున్నరు. కుండలు వలగ్గొట్టినామె కుండ మోస్తున్నదని. ఆ మాట ఏ జాగల వడ్డదో ఆ జాగలనే లేవాలె. అది నీతోని అయితదా?"

"చూస్తనక్కా," అంది ప్రశాంతి. జంగుబాయి తల ఊపి, ఆకు తునకలు దులిపి పక్కన కూర్చోమని చోటు చూపించింది.

తెల్లారి ప్రశాంతి ల్యాబు కోటు విప్పేసి, చున్నీ నడుముకు కట్టుకుని, తొట్టి అంచు మీదున్న తొడుగులు వేసుకుంది. "ఇంకో మనిషి దొరికేదాక నేనే కడుగుత," అని సుధాకర్‌తో చెప్పింది. ఆయన ఆశ్చర్యపోయాడు కానీ కాదనలేదు. తొడుగులు ఆమె చేతులకు వదులయ్యాయి. తడి గుజ్జును తెడ్డుతో తిరగేయడం చూసినంత తేలిక కాదు. మొదటి గంటకే భుజాలు లాగేశాయి. వడగట్టే జాలీ మీద గుజ్జు ఒక పక్కకే జారుతుంటే, ఇన్నాళ్లూ అది సమంగా పరుచుకుని ఉండటం దానంతటదే జరుగుతుందని తను అనుకున్నట్టు తెలిసి సిగ్గుపడింది.

మధ్యాహ్నం కుక్కరులోంచి గుజ్జు దించే వేళ. కిష్టన్న నిచ్చెన ఎక్కి పైనున్న చిన్న వాల్వును తిప్పాడు. బుస్సుమంటూ తెల్లటి ఆవిరి రేకుల కప్పును తాకి, గాలి లేని ఆ ఎండలో మెల్లగా కిందికి దిగింది. తీయటి వాసన. ప్రశాంతి కళ్లు మండాయి, తల తేలిపోయినట్టయింది. తెడ్డు పట్టుకుని నిలదొక్కుకుంది. ఒక్క క్షణం, అంతే. ఆ తర్వాత ఆమె చూపు పక్కనే మండుతున్న బాయిలరు మీద పడింది.

"బంద్ చెయ్! కిష్టన్నా, బంద్ చెయ్!" అని అరిచింది. "బాయిలరు తలుపు మూయమను! ఎవ్వలు బీడీ ముట్టియ్యొద్దు!"

కిష్టన్న వాల్వు బిగించి గబగబా దిగి వచ్చాడు. "ఏమైంది మేడం?"

"అది నీళ్ల ఆవిరి కాదు. స్పిరిట్. నిప్పురవ్వ తగిలితే మనమెవ్వలం ఉండం. కుక్కరు సల్లారినంక గద తీసేది? వేడి మీద ఎందుకు తీస్తున్నవ్?"

"రోజుకు ఒకటే ఉడుకుతున్నది, రెండు ఉడకాలె అన్నడు సారు. సల్లారెదాక ఆగితే రెండోది కాదు. వేడి మీద ఆవిరి ఇడిచిపెడితే జల్ది తీయొచ్చని..."

నీళ్లకన్నా ముందు మరిగేది స్పిరిటే. వాల్వు విప్పగానే మొదట పరిగెత్తేది అదే. జంగుబాయి పొద్దంతా నిలబడ్డ చోటనే, ఆమె తల మీదుగానే, డ్రమ్ములకు డ్రమ్ములు ఆకాశంలోకి పోయాయి. దొంగ ఎవరో తెలిసినందుకు ప్రశాంతికి ముందు నవ్వొచ్చింది, వెంటనే కోపం ముంచుకొచ్చింది.

సుధాకర్ నమ్మలేదు. నమ్మలేదో, నమ్మదలుచుకోలేదో. "ఆవిరి ఎంత పోతదమ్మా, చారెడు వోతది. దానికి డ్రమ్ములు దిగుతయా?"

"ఒక్కసారి పట్టి చూపిస్త సార్. శుక్రవారం, పెద్దసారు ముందట. వాల్వుకు గొట్టం వెట్టి, సల్లటి నీళ్లలకెళ్లి తిప్పి, మళ్ల క్యానుల పడతా. దొరకకుంటే స్పిరిట్ పనికిరాదని నా నోటితోనే జెప్త. సోడాకే వోదాం."

సుధాకర్ బల్ల మీద వేలితో గీతలు గీశాడు. "నీ రెండేండ్ల పని అది," అన్నాడు.

"తెలుసు సార్. కడిగేది మాత్రం జంగుబాయే."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. వద్దని మాత్రం అనలేదు.

గురువారమంతా కిష్టన్న, ఆమె కలిసి పాత సామాన్ల షెడ్డులో దొరికిన రాగి గొట్టాన్ని తోమారు. ఇసుక నింపి, లావుపాటి దుంగ చుట్టూ వంచి చుట్టలు తిప్పారు. ఇసుక నింపకపోతే గొట్టం నలిగిపోతుంది. ఆ చుట్టను నీళ్ల డ్రమ్ములో దించి, ఒక కొసను వాల్వుకు, ఇంకో కొసను బాయిలరుకు దూరంగా గోడ అవతల పెట్టిన క్యానుకు కలిపారు. బిగించిన ప్రతి చోటా సబ్బునురుగు రాసి, బుడగ వస్తుందేమోనని చూసుకున్నారు. బోరు నీళ్లు డ్రమ్ములోకి కిందనుంచి వచ్చి పైనుంచి పొర్లిపోయేలా పైపు వేశారు. సాయంత్రానికి ప్రశాంతి గోరింట రాగిమరకల కింద కనపడకుండా పోయింది.

ఆ మాట పడ్డ జాగలోనే లేపుదామని ప్రశాంతి కబురు పంపితే, శుక్రవారం జంగుబాయి వచ్చింది. ఒక్కతే రాలేదు. వెనుక లింగక్క, గూడెంలోని ఆడవాళ్లంతా వచ్చి గేటు బయట ఎండలోనే నిలబడ్డారు. బయటివాళ్లను లోపలికి రానివ్వొద్దని సుధాకర్ వాచ్‌మన్‌కు చెప్పి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. జంగుబాయి ఎవరినీ పలకరించకుండా తొట్టి దగ్గరికి పోయి, తొడుగులు వేసుకుని, జాలీని నీళ్లతో తడిపింది.

పెద్దసారు జీపులో దిగాడు. తెల్లచొక్కా, నల్లకళ్లద్దాలు. మధ్యాహ్నం గడ్చిరోలిలో మీటింగుందని, ఎక్కువసేపు ఉండలేనని వస్తూనే మరాఠీలో చెప్పాడు. కుక్కరు అప్పటికే ఉడికి సిద్ధంగా ఉంది. ప్రశాంతి కిష్టన్నకు చెయ్యి ఊపింది. వాల్వు సన్నగా విచ్చుకుంది. బుస్సుమన్న చప్పుడు లేదు, వాసన లేదు. గొట్టం కొసన ముందు ఒక చుక్క, తర్వాత ఇంకో చుక్క, ఆ తర్వాత సన్నటి ధార. తేటగా, నీళ్లలాగా. సుధాకర్ వంగి అరచేతిలో పట్టి చూశాడు. అరచెయ్యి చల్లబడి, తడి ఆరిపోయింది.

"స్పిరిటే," అన్నాడు మెల్లగా.

క్యాను పావు వంతు నిండిందో లేదో, బోరు మోటారు రొద టక్కున ఆగింది. షెడ్డులో పంకాలు నెమ్మదించాయి.

"లోడ్‌షెడ్డింగ్," అన్నాడు కిష్టన్న. "సాయంత్రం దాక రాదు."

ప్రశాంతి డ్రమ్ములో చెయ్యి పెట్టింది. కదలిక ఆగిన నీళ్లు అప్పుడే వెచ్చబడుతున్నాయి. మే నెల ఎండకు తోడు లోపలి రాగి చుట్ట సెగ. చూస్తుండగానే చెయ్యి పెట్టలేనంత వేడెక్కాయి. గొట్టం కొసన ధార సన్నబడి పొగలాంటి ఆవిరి మొదలైంది. తీయటి వాసన గుప్పుమంది.

"వాల్వు కట్టెయ్!"

కిష్టన్న కట్టేశాడు. పెద్దసారు గడియారం చూసుకున్నాడు. "ఇంకోసారి చూద్దాం," అన్నాడు. ఇంకోసారి అంటే ఏమిటో అందరికీ తెలుసు. రేపటికి సోడా బస్తాలు దిగుతాయి. డ్రమ్ము నిండా చల్లటి నీళ్లు కావాలి, వేడెక్కినప్పుడల్లా మార్చడానికి మళ్లీ నీళ్లు కావాలి. చేతిపంపు రోడ్డు అవతల ఉంది.

జంగుబాయి తొట్టి దగ్గరి నుంచి గేటు దాకా నడిచి, ఊచల మధ్యనుంచి గోండీలో నాలుగు మాటలు చెప్పింది. బయట ఆడవాళ్లు కదిలారు. పంపు పక్క ఇండ్లలోంచి బిందెలు, బకెట్లు, ఒక ఇంట్లోంచి గంగాళం వచ్చాయి. పంపు కీచుమంటూ కొట్టుకోవడం మొదలైంది. నిండిన మొదటి బిందె ఎత్తుకుని లింగక్క గేటు దగ్గరికి వచ్చి ఆగింది. గేటుకు తాళం.

ప్రశాంతి సుధాకర్ వైపు చూసింది. కిష్టన్న చూశాడు. పెద్దసారు ఏం జరుగుతోందో అర్థం కాక ఆయన వైపే చూశాడు. సుధాకర్ జేబులో చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. లింగక్క బిందె దించలేదు. నెత్తి మీద నుంచి నీళ్లు తొణికి ముఖం మీదుగా కారుతున్నాయి.

సుధాకర్ వెళ్లి తాళం తీశాడు. రెండు రెక్కలూ బార్లా తెరిచి, ముసలామె నెత్తి మీది బిందెను తన చేతుల్లోకి అందుకున్నాడు. ఇస్త్రీ చొక్కా బొడ్డు దాకా తడిసింది. ఆయనే తెచ్చి డ్రమ్ములో ఒంపాడు. వెనుక వరుస కట్టారు. పంపు నుంచి డ్రమ్ము దాకా చేతి నుంచి చేతికి బిందెలు వచ్చాయి, ఖాళీవి వెనక్కి పోయాయి. కిష్టన్న డ్రమ్ము కిందున్న నల్లా విప్పి వేడినీళ్లను బయటికి వదిలాడు. ప్రశాంతి చెయ్యి పెట్టి చూసి, "తెరువు, జర తెరువు," అంది. ధార మళ్లీ మొదలైంది. ఒక క్యాను నిండింది. రెండోది పెట్టారు, అదీ నిండింది. మూడో దాన్ని చూసి పెద్దసారు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, జీపు డ్రైవరుతో ఇంజను ఆపమన్నాడు.

కుక్కరు చల్లబడ్డాక గుజ్జు తొట్టిలోకి దిగింది. ఇక జంగుబాయి పని. గోరువెచ్చని స్పిరిట్ నీళ్లు పోసి తెడ్డుతో అడుగు నుంచి పైకి తిరగేసింది. డికాషన్ రంగు నీళ్లు కింది పాత్రలోకి దిగాయి. మళ్లీ పోసింది. రెండోసారి దిగినవి చాయ్ రంగులో ఉన్నాయి, తర్వాతవి తేనె రంగులో. దిగే నీళ్ల రంగు తేలేదాకా ఆమె తెడ్డు ఆపలేదు, ఎవరి వైపూ చూడలేదు. ఆ తర్వాత లింగక్క తెచ్చిన బిందెడు మంచినీళ్లు పోసింది. మబ్బు లేవలేదు. జాలీ మీద గుజ్జు సమంగా పరుచుకుంది, కోతకొచ్చిన వరిచేను రంగులో.

ప్రశాంతి పెద్దసారుకు రెండు గ్లాసులు చూపించింది. డికాషన్‌ను ఒక గ్లాసులో స్పిరిట్‌లోకి, ఇంకో గ్లాసులో నీళ్లలోకి ఒంపింది. ఒకటి తేటగా నిలిచింది, ఇంకోటి బురదయింది. పనివాళ్లు మెడలు చాచి చూశారు. ఆమె మరాఠీలో చెప్పి, ఆగి, మళ్లీ తెలుగులో చెప్పింది.

"శాబాస్ సుధాకర్!" పెద్దసారు ఆయన భుజం తట్టాడు. "గొట్టం ఆలోచన బాగుంది."

"నాది కాదు సార్. ప్రశాంతిది," అన్నాడు సుధాకర్. చెప్పి, జంగుబాయి దగ్గరికి నడిచాడు. ఆమె తొడుగులు తీసి కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

"రేపటి సంది పనికి రా జంగుబాయి," అన్నాడు, ఆమెకొక్కదానికే వినపడేలా.

"పని సంగతి తర్వాత సారు. ఆ రోజు గట్టిగ అన్నవ్. ఇప్పుడు గూడ గట్టిగనే అను."

సుధాకర్ ముఖం ఎర్రబడింది. తడి చొక్కాను కిందికి లాక్కున్నాడు. ఆయన చెప్పకుండా జీపు దాకా వెళ్లిపోతాడేమోనని ప్రశాంతి అనుకుంది. ఆయన గుంపు వైపు తిరిగాడు.

"స్పిరిట్ ఎవ్వలు ఎత్కపోలే. నేను తొందరవడి కుక్కరు వేడిమీద తీయమన్న, అది గాలిల వోయింది. గుజ్జు నల్లగైంది కూడా నేను నీళ్లతోని కడగమన్నందుకే. జంగుబాయి ఆగుదమన్నది, నేనే ఇనలే. ఆమెను దొంగ అన్న. అది తప్పు. నా తప్పు." తొట్టి పక్క బండల వైపు చూశాడు. "ఆమె సంచి గుమ్మరించింది గూడ తప్పే."

బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లింగక్క జంగుబాయిని ఏదో అడిగింది, ఏమన్నాడని కాబోలు. జంగుబాయి గోండీలో చెప్పడం మొదలుపెట్టింది. సుధాకర్ చెప్పినదానికన్నా చాలా పొడుగ్గా చెప్పింది. చేత్తో బిందె ఒంపినట్టు చూపించింది, వాల్వు తిప్పినట్టు చూపించింది. మధ్యలో ఆడవాళ్లు రెండుసార్లు నవ్వారు. రెండోసారి, భాష తెలియకపోయినా, సుధాకర్ కూడా తలవంచుకుని నవ్వాడు.

పెద్దసారు వెళ్తూ వెళ్తూ ప్రశాంతిని పిలిచి, పెద్ద కుక్కరుకు గొట్టం ఎంత లావుది కావాలో ఆలోచించి పెట్టమన్నాడు. సోడా మాట ఎత్తలేదు. జీపు ధూళి ఇంకా అణగకముందే ఆమె ల్యాబులోకి పరిగెత్తింది. కరెంటు లేదు, ఆరబెట్టే యంత్రం నడవదు. జల్లెడ మీద గుజ్జును పలుచగా పట్టి, నీళ్లు వొత్తి, స్టీలు రేకుకు అంటించి బయట ఎండలో నిలబెట్టింది. ఆ ఎండకు ఎంతసేపు! అందరికీ చాయ్ వచ్చేసరికి కాగితం అంచులు వాటంతటవే లేచాయి. దాన్ని ఒలిచి జంగుబాయి చేతిలో పెట్టింది.

జంగుబాయి దాన్ని రెండు వైపులా తిప్పి చూసింది. చెంపకు ఆనించుకుంది. మడిచింది, విప్పింది. విరగలేదు. పక్కామెకు ఇచ్చింది. ఆమె రెండు కొసలు పట్టుకుని లాగి చూసి ఇంకొకరికి ఇచ్చింది. ఆకు కట్టలు బిగించి బిగించి గట్టిపడ్డ చేతులు, ఒక్కొక్కరూ లాగి చూశారు. చివరికి లింగక్క దాకా వచ్చింది. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి, కాళ్లు ఎడం చేసుకుని, పళ్లు బిగబట్టి లాగింది. కాగితం సాగినట్టయి బిర్రుగా నిలబడింది. మళ్లీ లాగింది. అందరూ నవ్వుతుంటే కోపంగా ఏదో గొణిగింది.

"ఏమంటున్నది?" ప్రశాంతి అడిగింది.

జంగుబాయి నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చేతులల్ల బలం తగ్గిందట. రేపు కోడల్ని తోల్కొస్తదట, చింపనీకె."

"తోల్కరమ్మనక్కా," అంది ప్రశాంతి, ఇంకో జల్లెడ అందుకుంటూ. "ఇంత మందంది ఇంకోటి చేసి పెడ్త."